బాబా కూర్చున్న గురువారం

పానకాలుకు కోపంగా ఉంది. కోపం కన్నా తలవంపు ఎక్కువగా ఉంది. తను దగ్గరుండి పెట్టించిన పింఛను దరఖాస్తు తిరిగి రావడం అతను ఎరగడు. ఇప్పుడు ఏసోబు అనే పాత సిపాయిది తిరిగొచ్చింది.

ఊరి చివర రైలుకట్ట పక్కన ఒక పాత దర్గా ఉంది. దాని సంరక్షకుడు గనీ బాబా. పింఛన్ల కార్యాలయంలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక పానకాలు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చాడు. ఏదో జపం చెప్తారు, కళ్ళు మూసుకుని కూర్చోవచ్చు అనుకున్నాడు. బాబా అతణ్ణి తిన్నగా వసారాలోకి తీసుకెళ్ళి, అక్కడ పడుకునేవాళ్ళను చూపించారు.

వాళ్ళంతా ఒకప్పటి సిపాయిలు. ఒకరికి చెయ్యి లేదు, ఒకరికి ఫిరంగి మోతకు చెవులు పోయాయి. ఒకాయన పట్టపగలు సైకిలు టైరు పేలినా స్తంభం చాటుకు వెళ్ళి నక్కుతాడు. ఇల్లు ఉన్నవాళ్ళకు ఇల్లు లేకుండా పోయింది, లేనివాళ్ళకు ఎప్పుడూ లేదు. దేశం కోసం పోగొట్టుకున్నదానికి దేశం పింఛను ఇస్తుందని వాళ్ళలో చాలామందికి తెలీనే తెలీదు.

"నీకు వచ్చిన విద్య ఇదే కదా. వీళ్ళకు చెయ్యి" అన్నారు బాబా.

చేశాడు, మనసు పెట్టి చేశాడు. పాత పటాలాలకు ఉత్తరాలు రాసి కాగితాలు తెప్పించాడు, ఎవరి గాయం ఏ పేరున రాస్తే అధికారులకు అర్థమవుతుందో ఆ పేరున రాశాడు. వసారా నుంచి ఒక్కొక్కరే పింఛను వచ్చి, చోటు దొరికి వెళ్ళిపోతుంటే గేటు దాకా వెళ్ళి సాగనంపాడు. 'అడగందే అమ్మైనా పెట్టదు' అన్నది అతని మూలమంత్రం. భక్తి వంటబట్టిందో లేదో గానీ, కాస్త గర్వం మాత్రం బాగానే వంటబట్టింది.

అలాంటివాడికి ఏసోబు తగిలాడు.

ఏసోబు సైన్యంలో లాన్స్ నాయక్‌గా చేశాడు. మంచుకొండల్లో లారీ బోల్తా పడి తుంటి దెబ్బతింది. నొప్పిని దాచుకుని కొన్నాళ్ళు లాగాడు. ఇక నడవలేనని తెలిశాక, తనంతట తానే వెళ్ళిపోతానని సంతకం పెట్టి ఇంటికొచ్చాడు. అందుకే పింఛను లేదు. భార్య పోయింది. బస్టాండులో పడుకుంటే పోలీసులు లేపేస్తుంటే దర్గాకు చేరాడు. ఆ తుంటికి వైద్యం జరగకపోతే రేపో మాపో మంచం దిగలేడు. మంచం దిగలేనివాడికి వసారాలో ఎవరు చేస్తారు? పింఛను మంజూరైతే వైద్యమూ దొరుకుతుంది, సిపాయిల ఆశ్రమంలో చోటూ దొరుకుతుంది.

ప్రమాదం జరిగినట్టు కాగితం పానకాలు సంపాదించాడు. మిగిలింది మెడికల్ బోర్డు. డాక్టరు చూసి, ఇతను నడవలేడని రాస్తే చాలు.

ఆ రోజు బెంచీ మీద ఏసోబు సగం ఒరిగి కూర్చున్నాడు. తలుపు తీసుకుని యూనిఫారంలో ఒక డాక్టరు, మేజర్, లోపలికి వచ్చింది, వయసులో అతని కూతురంత. ఏసోబు ఒక్క ఉదుటున లేచి, మడమలు కలిపి, నిటారుగా సెల్యూట్ కొట్టాడు. నడిచి చూపించమంటే పెరేడు మైదానంలో నడిచినట్టు గది ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. చొక్కా వీపంతా చెమటకు తడిసిపోయింది. ఏమైనా బాధ ఉందా అని ఆవిడ రెండుసార్లు అడిగింది. "ఏం లేదు మేడం సాబ్, బాగానే ఉన్నా" అన్నాడు. తను చూసిందే ఆవిడ రాసింది. ఆవిణ్ణి అని లాభం లేదు.

బయటికొచ్చి వరండాలో కూలబడిపోయాడు. పానకాలు ఆటోలోకి ఎత్తించుకుని తేవాల్సొచ్చింది.

కాగితం తిరిగొచ్చిన రోజు పానకాలు వసారాలో అందరి ముందూ అతణ్ణి దులిపేశాడు. కుంటమని ఎన్నిసార్లు చెప్పాను, మూలగమని ఎన్నిసార్లు చెప్పాను, నీ కాలే నీ మీద దొంగసాక్ష్యం చెప్పింది కదయ్యా అన్నాడు. ఏసోబు తల వంచుకుని విన్నాడు.

"ఆఫీసరు ముందర కుంటేదెట్టా అయ్యగారూ" అన్నాడు చివరికి.

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. అలాంటి రాజుతో మనకేం పని అనుకుంటూ పానకాలు బాబా దగ్గరికి వెళ్ళాడు. ఇంకొక్కసారి అప్పీలు చేసుకోవచ్చు, మళ్ళీ బోర్డుకు పిలుస్తారు, అదీ పోతే ఇక దారి లేదు అని సంగతంతా చెప్పాడు.

"నోరున్నవాడికి నేను రాసిపెట్టగలను బాబా. బాధ ఉందని ఒప్పుకోనివాడికి నేనేం చెయ్యను?"

ఆ రోజు గురువారం, బయట జనం కాచుకుని ఉన్నారు. బాబా లేచి వెళ్ళారు.

గురువారాల్లో ఆ ముంగిట్లో కాలు పెట్టే సందుండదు. చక్కెర, అగరొత్తులు, నిమ్మకాయలు పట్టుకుని చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వస్తారు. పిల్లాడి దగ్గు, ఆడపిల్ల తలనొప్పి, ముసలమ్మ కీళ్ళు. బాబా నెమలీకల కట్టతో తల నిమిరి, ఊది, పంపిస్తారు. తగ్గిందని మళ్ళీ చక్కెర తెచ్చేవాళ్ళే ఎక్కువ. మధ్యాహ్నం నమాజు నుంచి దీపాల వేళ దాకా ఆయన నిలబడే ఉంటారు, మంచినీళ్ళు కూడా తాగరు. ఆయన ఒంట్లో నొప్పి అనేది లేదని జనం చెప్పుకునేవాళ్ళు. పానకాలూ నమ్మేవాడు.

ఆ వేళ వరుస సగం అయింది. ఒకామె బిడ్డను ఎత్తి పట్టుకుంది. బాబా నెమలీకల కట్ట ఎత్తినవారు అలాగే ఆగిపోయారు. తర్వాత దాన్ని పక్కన పెట్టేశారు.

"పానకాలూ, కాలు నొప్పిగా ఉంది. నిలబడలేను. పట్టుకో."

నెమ్మదిగానే అన్నారు గానీ ముంగిలంతా వినిపించింది. పానకాలు పరుగెత్తుకొచ్చి పట్టుకున్నాడు. ఆయన బరువంతా అతని మీద పడింది. మూలుగుతూ వసారా మెట్టు మీద, ఏసోబు పక్కన కూర్చున్నారు. ఎండాకాలంలో కూడా విప్పని మేజోడు విప్పారు. అరికాలి కింద షుగరు పుండు, సగం అరచేతి వెడల్పున, మాని రేగి మాని రేగినది. వాసన కొట్టింది.

జనంలో వెనక నుంచి ఒకాయన, ఆయన కాలే ఆయన బాగుచేసుకోలేడు మనకేం చేస్తాడు అంటూ చక్కెర పొట్లం సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. బిడ్డనెత్తుకున్నామె అటూ ఇటూ చూసింది. ఆమె కూడా వెళ్ళింది. అలా ఒకరి వెనక ఒకరు జారుకున్నారు.

ఏసోబు ఆ పుండునే చూస్తున్నాడు. చాలాసేపటికి, తన కాలిని రెండు చేతులతో ఎత్తి జరుపుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"ఎప్పట్నుంచి బాబా?"

"చాలా కాలం నుంచి. నీది?"

ఏసోబు తుంటి మీద చెయ్యి వేసుకున్నాడు. పానకాలు చెయ్యి అలవాటుగా జేబులోని పెన్ను మీదికి పోయింది. బాబా అతని వైపు చూశారు. చెయ్యి వెనక్కి వచ్చింది.

"లారీ కింద మా వోడొకడు ఇరుక్కుపోయాడు బాబా. చిన్నపిల్లోడు, నా పక్క మంచమే" అన్నాడు ఏసోబు. "వోడు అరవలేదు. నా చెయ్యి పట్టుకుని, బాగానే ఉన్నానన్నా, నువ్వు ఎల్లు అన్నాడు. నేను నమ్మి, ఇంకోణ్ణి లాగడానికి పోయా. వచ్చేసరికి లేడు. అట్టాంటోడే మూలగలేదు. నేనెట్టా మూలిగేది?"

బాబా అతని వైపు తిరిగారు.

"వాడు నొప్పి అని చెప్తే నువ్వు ఉండేవాడివి కదా?"

"ఉండేవోణ్ణి బాబా."

అంత మాట అని ఏసోబు పెద్దగా ఏడ్చాడు. ఆ మంచులో ఏడవాల్సిన ఏడుపు ఇన్నేళ్ళకు, ఖాళీ అయిన ముంగిట్లో ఏడ్చాడు. స్తంభం చాటున నక్కే ఆయన వచ్చి అతని వీపు మీద చెయ్యి వేశాడు. పానకాలు అక్కడే నిలబడి ఉన్నాడు. మూలగమని ఆ మనిషికి తను పాఠాలు చెప్పిన సంగతి గుర్తొచ్చి, నేల లోపలికి పోతే బాగుండుననిపించింది.

అప్పీలు వేశారు. మళ్ళీ బోర్డుకు పిలుపొచ్చింది. ఈసారి ఎలా నడవాలో, ఏం చెప్పాలో పానకాలు ఒక్క ముక్క చెప్పలేదు. తోడు వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాడంతే. నెరిసిన మీసాల కర్నల్ డాక్టరు ఒకాయన వచ్చాడు. ఏసోబు చేతులు బెంచీ అంచును పట్టుకున్నాయి, వీపు నిటారైంది, మనిషి సగం లేచాడు. అక్కడ ఆగాడు. తర్వాత మళ్ళీ కూర్చుండిపోయాడు.

"మాఫ్ చెయ్యండి సాబ్. లేవలేను."

కర్నల్ ఏమీ రాసుకోకుండా వచ్చి అదే బెంచీ మీద, అతని పక్కన కూర్చున్నాడు. అప్పుడు పానకాలు తలుపు మెల్లగా దగ్గరికి వేశాడు.

పింఛను మంజూరైంది. ఆశ్రమంలో చోటు వచ్చింది. రైలెక్కేటప్పుడు ఏసోబు మొహమాటపడకుండా పానకాలు భుజం అడిగాడు.

దర్గాలో మాత్రం గురువారాలు వెలవెలబోయాయి. అవతలి పేటలో ఒక కొత్త ఆయన తాయెత్తులు కడుతున్నాడని, జనం అటు పోతున్నారని తెలిసింది. చదివింపులు తగ్గాయి, వసారాలో వాళ్ళకు వండే డేగిసా చిన్నదైంది. బాబా కాలు కూడా బాగుపడలేదు. పుండు కాలివేలి దాకా పాకింది, వేలు తీసెయ్యాల్సి రావచ్చన్నాడు డాక్టరు.

ఒక గురువారం మధ్యాహ్నం, ముంగిట్లో పిచ్చుకలు తప్ప ఎవరూ లేరు. పానకాలు బాబా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని కట్టు మారుస్తున్నాడు. ఎన్నాళ్ళ నుంచో మనసులో నలుగుతున్నది అడిగేశాడు.

"ఏసోబుకు పాఠం చెప్పడానికి అంతమందిలో కూర్చోవాలా బాబా? లోపల అతనొక్కడికే చూపించినా సరిపోయేది కదా. మీకు ఇంత నష్టం లేకుండా పోయేది."

బాబా అతని వంక జాలిగా చూశారు.

"పాఠమా?" అన్నారు. "ఆ రోజు నిజంగానే నిలబడలేకపోయాను బేటా."

పానకాలు వంగి ఆ కట్టును ఇంకాస్త నెమ్మదిగా చుట్టసాగాడు.