ఆదివారానికొక చెంచా

ఏదైనా అడిగితే శేషఫణి గారు తిన్నగా జవాబు చెప్పిన పాపాన పోలేదు. జర్మనీలో ఒక చిన్న ఊళ్లో ఉద్యోగం చేసి రిటైరయ్యాక, ఆదివారం పొద్దున్న మాలాంటి తెలుగు విద్యార్థులకు సంగీతం నేర్పేవారు. పాఠం అయ్యాక పెరుగన్నం పెట్టేవారు. మాలో కొందరికి సంగీతం మీద కన్నా ఆ పెరుగన్నం మీదే భక్తి ఎక్కువ. ఆ కొందరిలో నేనే మొదటివాణ్ణి.

ఆ వారం తరళ రెండుసార్లు తాళం తప్పింది. చీరాల పిల్ల. వాళ్ల నాన్న టైలరింగ్ షాపు బ్యాంకుకి తాకట్టు పెట్టి, ఆ అప్పుతో ఎమ్మెస్ చదవడానికి వచ్చింది. పాఠం కాగానే మనసులో ఉన్నది అడిగేసింది.

"గురువుగారూ, ఈ సెమిస్టర్ మానేద్దామనుకుంటున్నానండీ. గోడౌన్‌లో పని ఇస్తామన్నారు. రేపటిలోగా చెప్పాలి. అప్పు మొత్తం తీర్చేసి, తర్వాత నిశ్చింతగా చదువుకుంటాను. తప్పా?"

"బ్యాంకు వాళ్లు ఇప్పుడేం కట్టమంటున్నారు?"

"చదువు అయ్యేదాకా వడ్డీ ఒక్కటేనండీ. శనివారాలు బేకరీలో చేసే పనితో అది వెళ్లిపోతోంది. కానీ అసలు అలాగే ఉంటుంది కదా! నాన్న షాపు గుర్తొస్తే ముద్ద దిగట్లేదు."

గురువుగారు తలూపి, "అది సరేగానీ, పెరుగు తోడుకుందా?" అన్నారు.

అక్కడి షాపు పెరుగుతో తోడేస్తే మన రుచి రాదు. అందుకని గురువుగారు ముందు వారం తన పెరుగులోంచి ఒక చెంచా తోడు ఆమెకిచ్చారు. తరళ మొహం వెలిగింది. సంచిలోంచి నిండు స్టీలు డబ్బా తీసి ముందు పెట్టింది.

"బ్రహ్మాండంగా తోడుకుందండీ! మీది మీకు ఇచ్చేద్దామని మొత్తం తెచ్చేశాను."

"ఇంట్లో ఎంత ఉంచావు?"

"ఏమీ ఉంచలేదండీ. గిన్నె కూడా కడిగేశాను," అంది గర్వంగా.

"మరి ఇవాళ పాలల్లో ఏం వేస్తావమ్మా?"

తరళ డబ్బా వైపు చూసి నాలుక కరుచుకుంది. ముందుగా నవ్వింది నేనే, అందుకు సిగ్గుపడను. తర్వాత తరళా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఆ పిల్ల ఎన్నాళ్లుగా ఆ బరువు మోస్తోందో నాకప్పుడు తెలిసింది.

గురువుగారు డబ్బాలోంచి ఒక్క చెంచా తన గిన్నెలో వేసుకుని, మూత పెట్టి, డబ్బా తిరిగి ఆమె చేతిలో పెట్టారు. దాని మీద ఆశ పెట్టుకున్న నాకు ప్రాణం ఉసూరుమంది.

"ప్రతి ఆదివారం ఒక చెంచా తేవాలి. ఒక్క వారం తప్పినా ఊరుకోను," అన్నారు. "మిగతాది మీ ఇంట్లోనే ఉండాలి."

తరళ డబ్బా ఒళ్లో పెట్టుకుంది. తర్వాత ఫోన్ తీసి, పనికి రావడం లేదని గోడౌన్ వాళ్లకి రాసి పంపింది. అయినా అనుమానం పూర్తిగా తీరినట్టు లేదు.

"మరి గిన్నెడూ ఎప్పుడివ్వాలండీ?"

గురువుగారు అప్పటికే నా కంచంలో పెరుగు వడ్డిస్తున్నారు.

"అడిగినప్పుడు ఇద్దువుగాని. ఇప్పుడు నిన్నడిగింది చెంచానే కదమ్మా!"