మూడు పిలుపులు

గురప్ప మేకను దొంగిలించి దాని మూతి కట్టడం మరిచిపోయాడు. ఆ తెలివికి రెండేళ్లు చెరసాల పడింది. విడుదలై వచ్చేసరికి రాజుగారు చెరసాల చట్టం తిరగరాయిస్తున్నారు. ఖైదీని చూసే నియమం మార్చమని గురప్ప సభలో దండం పెట్టాడు.

అయినవాళ్లు చెరసాల వాకిట నిలబడి ఖైదీని మూడుసార్లు పిలవాలి. పలికితే చూడనిస్తారు. పలక్కపోతే పోయాడని చెప్పి పంపేస్తారు. అదీ నియమం.

దాన్ని రాసిన మంత్రి సోమరాజు నవ్వాడు. "మేకల దొంగవి, నాకు దిద్దుబాట్లా? పిలిస్తే పలకడానికి నొప్పేమిట్రా?"

"మేకకున్న తెలివి కూడా లేనివాణ్ణి దొరా. తమరు లోపల కూర్చుని పలికి చూపించండి, నోరు మూసుకుంటాను."

సభంతా చెరసాలకు కదిలింది. మంత్రి లోపలికి వెళ్లాడు. రాజుగారే వాకిట నిలబడి మూడుసార్లు పిలిచారు. లోపల ఖైదీలు యాభై రోకళ్లతో వడ్లు దంచుతున్నారు. జవాబు రాలేదు.

"మంత్రిగారు పోయారు ప్రభూ, ఇంటికి కబురు పంపండి. నియమం ఆయనదే" అన్నాడు గురప్ప.

అందరూ ఘొల్లుమన్నారు. ఒళ్లంతా ఊకతో మంత్రి బయటికొచ్చి, "ఇంకా పిలవలేదేం ప్రభూ?" అన్నాడు.

రాజుగారు నవ్వలేదు. "నిన్నెవరు పిలిచారు, గురప్పా?"

"మా అమ్మ. ఆరు నెలలు వచ్చిందట. ఏడో నెల నాకు పిండం పెట్టించి, ఆ దిగులుతోనే పోయింది."

ఆ పూటే నియమం కొట్టేశారు. ఏం కావాలో కోరుకోమన్నారు. రోకళ్లు ఒక్క క్షణం ఆపించమన్నాడు గురప్ప.

ఆగాయి. అతను లోపలికి వెళ్లి, తన పాత మూలన నిలబడి, వాకిలి వైపు తిరిగి పలికాడు.

"ఉన్నానే, అమ్మా."