చెమ్మను వదలని బంకమట్టి

ఒకప్పుడు, భూమి అడుగున ఏ గునపానికీ అందనంత లోతున ఉన్న బంకమట్టి కూడా కుమ్మరి చేతిలో ముద్దలాగే మెత్తగా ఉండేది.

ఆ బంకమట్టికి ఒక్కతే కూతురు, చెమ్మ. పొరకూ పొరకూ మధ్య దాచుకుని పెంచింది. పైనుంచి ఎంత బరువు అణిచినా, పిల్ల లోపల ఉన్నంతకాలం ఆమె మెత్తదనం పోలేదు.

బంకమట్టి సంగతి మీకు తెలుసుగా. కాలికి పట్టిందంటే చెప్పయినా ఊడాలి గానీ తను వదలదు. కూతుర్నీ అలాగే పట్టుకుంది.

ఒకరోజు కిందనుంచి వేడితాత వచ్చాడు. భూమి నడిబొడ్డున పుట్టినవాడు, ఒళ్లంతా సెగ.

"చల్లని చోటు వెతుక్కుంటూ పైకి పోతున్నాను తల్లీ. నా సెగ తగిలితే పిల్ల ఉబ్బిపోతుంది. పట్టు కాస్త వదులు చెయ్యి. నాకంటే ముందే దాన్ని పైకి పంపెయ్యి" అన్నాడు.

"పైన దానికి ఎవరున్నారు తాతా? పుట్టి బుద్ధెరిగి నా ఒడి దాటలేదు" అంది బంకమట్టి. చెమ్మను ఇంకా గట్టిగా పొదువుకుంది.

తల్లి ప్రేమే, కాదనను. కానీ అదే కొంప ముంచింది.

తాత నెమ్మదిగానే నడిచాడు పాపం. అయినా చెమ్మ ఉబ్బసాగింది.

"అమ్మా, ఊపిరాడట్లేదే. కొంచెం సందివ్వవే" అని ఏడ్చింది.

"ఇదిగో, అయిపోయింది తల్లీ. తాత వెళ్లిపోతున్నాడు" అంటూ బంకమట్టి మరింత బిగించింది.

పిల్ల ఉబ్బుతోంది, తల్లి బిగిస్తోంది. చివరికి తల్లి డొక్కలే పటపటా చీలిపోయాయి. ఆ చీలికల్లోంచి చెమ్మ ఆవిరై పైకి పోయింది.

పిల్ల ఉన్న చోటు ఖాళీ అయ్యేసరికి బంకమట్టి పొరలు ఒకదానిమీద ఒకటి కూలబడ్డాయి. ఆ సెగకు అలాగే బిగుసుకుని రాయైపోయాయి. వేడితాత తల దించుకుని వెళ్లిపోయాడు. ఆయన మాత్రం ఏం చేస్తాడు?

చెమ్మ మేఘమైంది, వానైంది. నేల సందుల్లో దారి వెతుక్కుంటూ ఎన్నాళ్లకో తిరిగొచ్చింది.

"అమ్మా, నేనే. లోపలికి రానివ్వవే" అంది.

"గుర్తుపట్టానమ్మా. కానీ పొరలు విడవట్లేదు. నా చేత కావట్లేదు" అంది తల్లి.

అన్నాళ్లు పట్టి ఉంచిన పిల్లను ఇప్పుడు పట్టుకోవడానికి ఆమె దగ్గర చోటు లేదు. ఇద్దరూ చాలాసేపు ఏడ్చారు.

అప్పటినుంచే భూమి లోతున వేడి తగిలిన మట్టిరాయి పగుళ్లు పగుళ్లుగా ఉంటుంది. ఎన్ని నీళ్లు తగిలినా నానదు, మెత్తబడదు. చెమ్మ మాత్రం వాన పడ్డప్పుడల్లా దిగొచ్చి, తను చీల్చుకుపోయిన ఆ పగుళ్లలోనే తల్లిని ఆనుకుని కాసేపు కూర్చుని పోతుంది.