భద్రయ్య గుమ్మానికి రెండో రెక్క

కొమ్మోజు నరసింగాచారిగారు పగలు వడ్రంగం చేసేవారు, సాయంత్రాలు తత్త్వం చెప్పేవారు. చెప్పేవారు అనడం కూడా పూర్తిగా నిజం కాదు. ఎవరైనా ప్రశ్న వేస్తే ఆయన ముందుగా "ఇది ఎప్పటి నుంచి?" అని అడిగేవారు, వైద్యుడు దగ్గు గురించి అడిగినట్టు. ఒకసారి తుని నుంచి ఒక ప్లీడరు గుమస్తా వచ్చి, "సంసారమంతా మాయ అంటారు గదా, అది అనుభవంలోకి రావడమెలా స్వామీ?" అన్నాడు. ఎప్పటి నుంచి అంటే మొన్న మంగళవారం నుంచి అన్నాడు. తరచి చూస్తే ఆ మంగళవారమే అతనికి దవడపన్ను సలుపు మొదలైంది. ఆచారిగారు ఇంత లవంగనూనె ఇచ్చి పంపించారు. ఆ గుమస్తా మళ్లీ మాయ జోలికి వచ్చిన దాఖలా లేదు. అలాగని ఆయనకు శాస్త్రం తెలియదనుకోకూడదు. కూర్చోబెడితే తెల్లవార్లూ పద్యాలు అప్పజెప్పగలవారే. ప్రశ్న ఎక్కడ పుట్టిందో అక్కడికి నడిచివెళ్లి చూడందే ఆయనకు తోచదు, అంతే.

ఆయన శిష్యుల్లో భద్రయ్య ఒకడు. బియ్యం మిల్లులో పని. మాటకారి కాడు గాని, ఒక ప్రశ్నను రెండు రోజులపాటు బస్తాల మధ్య నిలబడి నెమరువేసుకుని, ఒక బుధవారం సాయంత్రం అందరిలోనూ అడిగేశాడు.

"గురువుగారూ, మనిషికి న్యాయంగా రావలసింది సగం వచ్చి సగం ఆగిపోయిందనుకోండి. ఆ మిగతా సగం రాకుండా వాడు నిండుగా బతకడం ఎలాగండీ?"

పక్కనున్నవాళ్లు తలలూపారు. ఇంత లోతైన ప్రశ్న భద్రయ్య నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు. భద్రయ్యకు కూడా లోపల కొంచెం గర్వంగానే ఉంది. ఆచారిగారు చేతిలోని ఉలిని గుడ్డతో తుడిచి పక్కన పెట్టారు.

"ఎప్పటి నుంచి?"

"ఎనిమిది నెలలయిందండి."

"అయితే ఇది ఉపనిషత్తుల్లోది కాదు, మీ ఇంట్లోది. పద, చూద్దాం" అని కండువా భుజాన వేసుకున్నారు.

ఎనిమిది నెలల కిందట ఏం జరిగిందో ఊళ్లో అందరికీ తెలుసు. భద్రయ్యా, అన్న నూకరాజూ వేరు పడ్డారు. పంపకం చేసిన పెద్దమనుషులు ఎంతటి ధర్మాత్ములంటే, ఏ వస్తువునైనా సరిగ్గా సగం చేయకపోతే వాళ్లకు నిద్ర పట్టదు. రోలు అన్నకు, రోకలి తమ్ముడికి ఇచ్చారు. (తోటికోడళ్లిద్దరూ ఆ రోకలిని గోడమీంచి అటూ ఇటూ అందించుకుంటూ హాయిగా దంచుకుంటున్నారు. అది మగవాళ్లకు తెలియదు, తెలిసినా తెలియనట్టుంటారు.) ఇంటికి నడుమ గోడ కట్టారు. వీధివాకిలి అన్నవైపు పడింది. తమ్ముడివైపు గోడకు కొత్తగా గుమ్మం కొట్టించారు. ఇక ఆ వీధివాకిలి తలుపు. తాతల నాటి రెండు రెక్కల టేకు తలుపు, రెక్కకొక తామరపువ్వు. పెద్దమనుషులు కాసేపు మీసాలు దువ్వుకుని, రెండు రెక్కలున్నాయి, ఇద్దరు అన్నదమ్ములున్నారు, ఇంతకంటే భగవంతుడు ఏం సూచించాలి అని చెరొక రెక్కా ఇచ్చేశారు.

ఆనాటి నుంచి రెండిళ్లకూ సగం తలుపు, సగం గోనెపట్టా. నా రెక్క వాడు తెచ్చి ఇవ్వాలని అన్న, అన్నయ్యే తెచ్చి ఇవ్వాలని తమ్ముడు. మాటలు లేవు. భద్రయ్య మిల్లుకు వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అన్న గుమ్మంలోని ఆ రెక్కను చూసి నిట్టూర్చేవాడు. పెళ్లాన్ని కూడా అంత శ్రద్ధగా చూసి ఉండడు.

ఆచారిగారు వచ్చేసరికి భద్రయ్య భార్య వరహాలు కర్ర పుచ్చుకుని ఒక కుక్కను వీధిలోకి తరుముతోంది.

"రండి గురువుగారూ, రండి. తలుపు తట్టే పని కూడా లేదు మా ఇంటికి" అంది. కూర్చోడానికి పీట వేసి, ఆయన అడగకుండానే మొదలుపెట్టింది. "నేను ఎనిమిదో తరగతి పాసయ్యానండి. బాలవాడీ టీచరు పనికి నా పేరు వచ్చింది. సోమవారం పది గంటలకల్లా కాకినాడలో ఉండాలి. మూడు వారాలు అక్కడే ఉండి నేర్చుకోవాలి. నేను వెళ్లకపోతే జాబితాలో నా కింద పేరున్నావిడను పిలుస్తారు. ఈయన చీకటితో మిల్లుకు పోతే మళ్లీ దీపాలవేళకు గాని రారు. ఇంట్లో బియ్యం డబ్బా ఉంది, కుట్టుమిషను ఉంది, నా రెండు పట్టుచీరలున్నాయి. గోనెపట్టాకు తాళం వేసి వెళ్లమంటారా?"

"ఇంకా నాలుగు రోజులుంది. ఈలోగా అన్నయ్య ఇవ్వకపోడు" అన్నాడు భద్రయ్య.

"ఎనిమిది నెలలుగా ఇవ్వనాయన నాలుగు రోజుల్లో ఇస్తాడు! ఈలోగా ఆ కుక్కే ఇంటి యజమాని అయిపోతుంది."

ఆచారిగారు చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగి, గోనెపట్టా పైకెత్తి, ఉన్న రెక్క అంచు నుంచి అవతలి ద్వారబంధం దాకా ఆనించి, సరిగ్గా అంత మేరకు విరిచారు. టేపు ఉండగా ఈనె ఎందుకంటే, టేపు మీద అంకెలుంటాయి, అంకెలను నోరు తప్పు చదువుతుంది, ఈనెకు అబద్ధం రాదు అనేవారు ఆయన. ఆ ఈనె పట్టుకుని పెరట్లోకి నడిచారు.

పశువుల పాకలో ఒక మూల పందిరిమంచం ఒకటి పడి ఉంది. ఒక కోడు విరిగిపోయింది. పైకమ్ములను చెదలు తినేశాయి. పంపకంలో దాన్ని ఎవరూ అడగలేదు. మూడుకాళ్ల మంచాన్ని పంచేదేమిటని పెద్దమనుషులు కూడా ముఖం తిప్పుకున్నారు. కోళ్లు మాత్రం దాన్ని తమ వాటా కింద జమకట్టుకుని రాత్రిళ్లు దానిమీదే పడుకుంటున్నాయి. ఆ రోజుల్లో పందిరిమంచమంటే చిన్న సంగతి కాదు. తలవైపు పలకకు వరసగా తరిమెన మీద గుండ్రంగా తిప్పిన కడ్డీలు, వాటికి అటొక చిలక ఇటొక చిలక, చూసేవాళ్లకు కన్నుల పండుగ, తుడిచేవాళ్లకు నడుంనొప్పి. ఆచారిగారు కోళ్లను అదిలించి, వేలి కణుపుతో చెక్కను అంతటా తట్టుతూ పోయారు. కొన్నిచోట్ల బొదబొదమంది. తలవైపు పలక దగ్గర మాత్రం ఖంగుమంది. ఆయన ఈనెను పలకకు ఆనించారు. పలకను పక్కకు తిప్పి నిలబెడితే దాని ఎత్తే వెడల్పవుతుంది, అది గుమ్మంలోని ఖాళీకి అంగుళం ఎక్కువ. చిత్రిక పట్టడానికీ, రెక్కమీద రెక్క ఒదగడానికీ ఆపాటి ఉండాలి.

"ఇదే రెండో రెక్క" అన్నారు. "పొడుగు చాలదు. కింద రెండడుగులు పక్కపట్టెల చెక్కతో పూరిద్దాం. మేకులు వద్దు. మంచానికున్న ఆ కర్రచీలలు ఊడగొట్టు భద్రయ్యా, వాటితోనే బిగిద్దాం."

భద్రయ్య కదల్లేదు.

"గురువుగారూ, కోప్పడకండి. ఈ చెక్క ఇక్కడ బిగించామంటే నా రెక్క నేను వదులుకున్నట్టే గదండీ. భద్రయ్య ఓడిపోయాడు, కోళ్ల మంచంతో సరిపెట్టుకున్నాడు అంటారు రేపు ఊళ్లో. న్యాయం నావైపు ఉందండి."

"ఉంది" అన్నారు ఆచారిగారు. "గోనెపట్టా కూడా ఉంది."

వరహాలు చెంగు నడుముకు దోపుకుని, కర్రసుత్తి తీసి మొగుడి కాళ్ల దగ్గర పెట్టింది. "నాకు సోమవారం ఉంది. మీకు ఏ వారం ఉందో మీరు చూసుకోండి" అంది.

ఎనిమిది నెలల పంతం అంత తేలిగ్గా వంగదు. భద్రయ్య ఆ మంచం వంకా, భార్య వంకా, గోడకు అవతలి ఇంటి వంకా చూశాడు. ఆమె కళ్లలో నీళ్లుంటే అతను ఏదో ఒకటి చెప్పి ఓదార్చేవాడే. కాని ఆమె కళ్లు పొడిగా ఉన్నాయి. ఆమె కాకినాడ వెళ్లకపోతే ఆ కళ్లు జన్మంతా అలాగే తనవంక చూస్తాయని అతనికి ఉన్నట్టుండి తోచింది. వంగి సుత్తి తీసుకున్నాడు. మొదటి చీల ఆరు దెబ్బలకు గాని కదల్లేదు. రెండోది మూడింటికే వచ్చింది. చివరివి వాటంతటవే వచ్చినట్టు వచ్చాయి.

గురువారం మొదలుపెట్టి ఆదివారం మధ్యాహ్నానికి రెక్క తయారైంది. మిల్లులో మూడు రోజులు సెలవు చెప్పి, భద్రయ్యే చిత్రిక పట్టాడు. చిత్రికపొట్టు కింద టేకు ఎర్రగా, తేనెరంగులో బయటపడుతుంటే, అతను చెయ్యి ఆపి దాన్ని అరచేత్తో నిమిరి చూసుకోవడం ఆచారిగారు గమనించి, గమనించనట్టు ఊరుకున్నారు. మధ్యలో ఒకసారి భద్రయ్య తొందరపడి ఒక బెజ్జం పెద్దది చేసేశాడు. ఆయన తిట్టలేదు. సన్నటి చెక్కపేడు ఒకటి చెక్కి అందులో దిగగొట్టి, "ఇప్పుడు ఇదే అన్నిటికంటే గట్టిది" అన్నారు. పలకను పక్కకు తిప్పడంతో కడ్డీలు అడ్డంగా వచ్చాయి. వాటి సందుల్లోంచి గాలీ వెలుతురూ ఇంట్లోకి వస్తాయి. వచ్చినవాళ్లెవరో తలుపు తీయకుండానే కనిపిస్తారు. కుక్క మూతి మాత్రం పట్టదు. పాత తలుపు ఉన్ననాడు ఈ సౌఖ్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

మడతబందులు బిగించేసరికి వీధిలో పదిమంది చేరారు.

"ఇదేమిట్రా భద్రయ్యా, ఒక చిలక పైకెక్కుతోంది, ఒక చిలక కిందికి దిగుతోంది!" అన్నాడు ఒకాయన.

"రెండు రెక్కలకీ పోలికే లేదు. ఒకటి తామరపువ్వు, ఒకటి పక్షులు" అంది ఇంకొకావిడ.

"మా ఇద్దరికి మాత్రం పోలికుందా వదినా? కాపురం చేయడం లేదూ!" అంది వరహాలు.

అందరూ ఘొల్లున నవ్వారు. ఆమె ఆ నవ్వుల మధ్యే రెండు రెక్కలూ దగ్గరికి లాగింది. ఒకదానిమీద ఒకటి అరంగుళం మేర ఒదిగి కూర్చున్నాయి. గొళ్లెం పెట్టి తాళంకప్ప వేసింది. వేసి లాగి చూసింది. మళ్లీ తీసింది. మళ్లీ వేసింది. ఇంకోసారి తీసి వేసింది. తాళం పడిన చప్పుడు వినడానికే మూడోసారి వేసిందని చూసినవాళ్లందరికీ అర్థమైంది. భద్రయ్య ఆ చప్పుడుకు మూడుసార్లూ తలెత్తి చూశాడు. మూడోసారికి అతని ముఖం విచ్చుకుంది. సోమవారం తెల్లవారుతూనే ఆమె రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని మొదటి బస్సెక్కింది. బస్సు కదులుతుంటే తాళంచెవి కిటికీలోంచి ఆడిస్తూ చూపించింది. రెండోది మొగుడి మొలతాడుకు కట్టి మరీ వెళ్లింది.

గురువారానికి ఉత్తరం వచ్చింది. చేర్చుకున్నారు, పిల్లల పాటలు నేర్పుతున్నారు, అన్నం మాత్రం మన బియ్యంలా లేదు అని రాసింది. ఆ సాయంత్రం ఆచారిగారు కొత్త రెక్క ఎలా కుదురుకుందో చూడడానికి వచ్చారు. భద్రయ్య ఆయనకు ఉత్తరం రెండోసారి చదివి వినిపిస్తుండగా వీధిలో తోపుడుబండి వచ్చి ఆగింది. బండిమీద తామరపువ్వు రెక్క. బండి వెనక నూకరాజు.

నూకరాజు తమ్ముడి ముఖం చూడకుండా, ఆచారిగారికి దణ్ణం పెట్టి, ఆయనతోనే చెప్పాడు. "వాళ్ల వదిన పోరు పడలేకపోతున్నానని చెప్పండి వాడితో. చెల్లెమ్మ తాళం వేసుకుని దర్జాగా ఊరెళ్లింది, మనమింకా గోనెపట్టా దులుపుకుంటున్నామని పొద్దున్నే మొదలుపెడుతోంది. తాతగారి భోషాణం చెక్కలు అటకమీద ఊరికే పడున్నాయి. వాటితో నా గుమ్మానికి తలుపు చేసిపెట్టండి. ఈ రెక్క వాణ్ణే పెట్టుకోమనండి. జత కలుస్తుంది."

భద్రయ్య అరుగు దిగాడు. ఇన్నాళ్లూ ఈ క్షణం ఎలా ఉంటుందో అతను బస్తాల మధ్య ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఆ ఊహల్లో తను నిలబడి, అన్న తలవంచుకుని ఉండేవాడు. ఇప్పుడు చూస్తే, రెక్కను ఒక్కడే బండికెత్తిన అన్న భుజం బరువుకు ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

"పట్టు అన్నయ్యా" అన్నాడు. ఇద్దరూ కలిసి రెక్కను దింపి, తీసుకొచ్చి కొత్త రెక్క మీద ఆనించి నిలబెట్టారు.

అప్పుడు కనిపించింది. ఆ రెక్క కొత్త రెక్కను పూర్తిగా కప్పేసి, ద్వారబంధాన్ని దాటి, గోడమీదికి బెత్తెడు మేర పోయింది. భద్రయ్య నమ్మలేక అరచెయ్యి అడ్డంగా పెట్టి చూశాడు. బెత్తెడే. తాతగారి పెద్దవాకిలికి చేసిన తలుపది. ఈ చిన్న గుమ్మంలో ఒక రెక్కకు చోటుంది గాని, జతకు ఏనాడూ చోటు లేదు. కోద్దామంటే తామరపువ్వు సగానికి పోతుంది.

నూకరాజు ముందు నోరు తెరిచాడు, తరవాత నవ్వేశాడు. భద్రయ్యకూ నవ్వు ఆగలేదు. ఆ రెక్కను గోడకు జరిపి, చిలకల తలుపు బార్లా తీసి, "లోపలికి రా అన్నయ్యా, మంచినీళ్లు తాగుదువుగాని" అని అన్నను ముందు పంపించి, తను గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగాడు.

"గురువుగారూ, ఇది పట్టదని మీకు ముందే తెలుసాండీ?"

"ఈనె విరిచినప్పుడే అనుకున్నాను."

"మరి ఆనాడే చెప్పలేదేమండీ?"

ఆచారిగారు కండువా దులుపుకుని లేచారు.

"చెబితే, నీకు గుమ్మం కూడా తక్కువ చేసి పంచారని ఇంకో పంచాయితీకి వెళ్లేవాడివి నాయనా."