కట్ట మీద నేరేడు చెట్టు

అనగా అనగా, మబ్బులు ఇచ్చిన మాట తప్పని కాలంలో, ఎండ్రకాయలకు కూడా నోరుండి మాట్లాడే కాలంలో, కొండల నడుమ ఒక చిన్న రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో పెద్ద నది లేదు. కొండ మీది నుంచి దిగే ఒక వాగు మాత్రం ఉండేది. ఆ వాగుకు అడ్డంగా పూర్వులు ఒకదాని కింద ఒకటిగా మూడు చెరువులు కట్టారు. పై చెరువు నిండితే అలుగు దూకి నడిమి చెరువులోకి, నడిమిది నిండితే కింది చెరువులోకి నీళ్లు చేరేవి. అలుగంటే తెలుసు కదా పిల్లలూ? చెరువు కడుపు నిండాక మిగిలిన నీళ్లు పొర్లిపోవడానికి కట్టకు ఒక పక్కన వదిలిన రాతి దారి.

చిన్న చెరువులే. అయినా కట్ట తెగిందంటే కింద ఊరు మిగలదు. అందుకని ఆ దేశపు రాజు ఏటేటా తొలకరికి ముందు కట్టలన్నీ చూసి రమ్మని మైలమ్మ అనే ఆమెను పంపేవాడు.

మైలమ్మ చెప్పులు విడిచి కట్ట వెలుపలి వాలు మీద నడిచేది. ఎండాకాలంలో ఆ వాలు కాళ్లు కాలేలా ఉండాలి. అరికాలికి చల్లగా తగిలిందంటే, లోపల నీరు దొంగదారి చేసుకుంటున్నట్టే. అక్కడ ఆగి గునపం దించేది. ఆమె "కట్ట పదిలం" అంటే జనం ఆ వానాకాలమంతా హాయిగా నిద్రపోయేవారు. "తవ్వండి" అంటే ఎంత పెద్దమనిషైనా మట్టితట్ట నెత్తికెత్తుకోవలసిందే. మొహమాటం అనేది ఆ మనిషి గడప తొక్కలేదని అందరూ చెప్పుకునేవారు.

అందరికీ ఏం తెలుసు? మైలమ్మ గుండెలోనూ ఒక మెత్తని చోటు ఉంది.

కింది చెరువు కట్ట కిందున్న ఇప్పలపాడు ఆమె పుట్టిన ఊరు. పసితనంలోనే తల్లీతండ్రీ పోతే, అన్న బొల్లన్నే ఆమెను పెంచాడు. తల దువ్వింది అతనే, అన్నం కలిపి పెట్టింది అతనే. కరువొచ్చిన ఏడు బొల్లన్న ఉప్పు వర్తకుల ఎడ్ల బిడారు వెంట సముద్రం దిక్కుకు వెళ్లాడు. వెళ్లేముందు చెరువుకట్ట మీద ఒక నేరేడు మొక్క నాటాడు.

"ఏడవకు చెల్లీ. ఇది కాపుకొచ్చేలోపల వచ్చేస్తా. తొలి పండు నీకు, మలి పండు నాకు" అన్నాడు.

మొక్క చెట్టయింది. చెట్టు కాపుకొచ్చింది. బొల్లన్న రాలేదు. మైలమ్మ జుట్టు నెరిసింది. అప్పటికీ రాలేదు.

ఏటా కట్టలన్నీ చూసి చివరికి ఆ చెట్టు దగ్గరికి చేరేది మైలమ్మ. చేరగానే గునపం పక్కన పెట్టి, మొదలుకు వీపు ఆనించి కూర్చునేది. సముద్రం దిక్కుకు పోయే బండిబాట అక్కడికి బాగా కనిపిస్తుంది. ఎద్దు మెడలో గంట మోగితే చాలు, చటుక్కున లేచి నిలబడేది. వచ్చేది ఎవరో ఒకరు. అన్న మాత్రం కాదు. అప్పుడు రెండు పండ్లు కోసి, ఒకటి తిని, రెండోది కొంగున ముడివేసుకుని, "కట్ట పదిలం" అని చెప్పి వెళ్లిపోయేది. ఆ చెట్టు కింద మాత్రం ఆమె ఏనాడూ గునపం దించలేదు.

ఇదిలా ఉండగా ఒక ఏడు ఎండలు ముదిరాయి. మైలమ్మ ఎప్పటిలాగే గునపం భుజాన వేసుకుని బయలుదేరింది.

పై చెరువు కింది ఊరు రేగులవాడ. రాజు పంపిన మనిషి వస్తోందని ఊరివాళ్లు కట్టను ఎర్రమట్టితో అలికి, పొడుగునా ముగ్గులు పెట్టారు. కట్ట పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. మైలమ్మ నడుస్తూ నడుస్తూ ఒక పద్మం ముగ్గు మీద ఆగింది. అరికాలు చల్లబడింది.

"ఈ ముగ్గు ఎవరు పెట్టారు?"

"నేనే తల్లీ!" అంది ఎర్రవ్వ అనే ముసలమ్మ, మురిసిపోతూ. "ఇక్కడ మట్టి కాస్త చెమ్మగా, చూడ్డానికి వికారంగా ఉంటే మందంగా అలికాను. నువ్వొస్తుంటే మాసిన కట్ట చూపిస్తామా మరి?"

మైలమ్మ కుండెడు నీళ్లు తెప్పించి ముగ్గంతా కడిగేసింది. గునపం దించింది. గునపం కొనకు బురద అంటుకుని వచ్చింది.

"అవ్వా, వైద్యుడు వస్తున్నాడని పుండు మీద గంధం పూస్తారా? తవ్వండి" అంది.

ఎర్రవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. పొద్దుటి నుంచీ నడుం వంచి పెట్టిన ముగ్గాయె! "నీ చేత్తో పెట్టుకున్న ముగ్గయితే ఇలాగే కడిగేదానివా?" అంది.

"కడిగేదాన్నే" అంది మైలమ్మ, ఏమాత్రం తడుముకోకుండా.

నడిమి చెరువు కింది ఊరు పాలకుంట. అక్కడ కట్ట బాగానే ఉంది. అలుగు దగ్గరే ఉంది తంటా. ఊరిపెద్ద బయ్యన అలుగు మీద నడుమెత్తు రాళ్లు పేర్పించి, సందుల్లో మట్టి మెత్తించాడు.

"ఇదేం పని బయ్యనా?"

"కోప్పడకమ్మా. ఒక్క పంటతో గడవక నా కూతుళ్లిద్దరూ పరాయి ఊళ్లలో పనులకు పోయారు. చెరువులో ఇంకాస్త నీళ్లు నిలబెడితే రెండో పంట పండించుకుంటాం. బిడ్డలు ఇంటికొస్తారు."

ఆ మాటకు మైలమ్మ మనసు కలుక్కుమంది. అయినా రాళ్ల వంక చూసి తల అడ్డంగా ఊపింది. "అలుగు మూస్తే వరదనీరు కట్టెక్కుతుంది. కట్టెక్కిన నీరు ఒంటరిగా దిగదు బయ్యనా, కట్టను వెంటబెట్టుకుని దిగుతుంది. నీ బిడ్డలు తిరిగొచ్చేసరికి ఇల్లు ఉండాలా వద్దా? రాళ్లు తీయించు."

బయ్యన ఒక్కొక్క రాయే తనే తీశాడు. ఆఖరి రాయి తీసి పడేసి, "ఎదురుచూడ్డం అంటే ఏమిటో తెలిస్తే నువ్వీ మాట అనేదానివి కాదు" అన్నాడు.

మైలమ్మ గునపం భుజాన వేసుకుని దిగువకు నడిచింది. దారి పొడుగునా ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

ఇప్పలపాడు కట్ట ఎక్కేసరికి నేరేడు కాయలు రంగు తిరుగుతున్నాయి. ఆకులు గాలికి గలగలమంటున్నాయి. ఆ సవ్వడి వింటే మైలమ్మకు ఎప్పుడూ ఎవరో పిలిచినట్టే ఉంటుంది. కట్ట ఈ కొస నుంచి నడుచుకుంటూ వచ్చి, చెట్టు దగ్గర వెలుపలి వాలులోకి దిగింది. అరికాలికి చల్లగా తగిలింది.

"చెట్టు నీడ కదా, చల్లగానే ఉంటుంది" అనుకుంది.

చూశారా పిల్లలూ! రేగులవాడలో ఈ సాకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ మనిషి పని పట్టేది. ఇక్కడ తనకు తానే చెప్పుకుని, తనే నమ్మేసింది.

కూర్చోబోతుంటే మొదలు కింద మట్టి కంటపడింది. పచ్చి ఆరని కొత్త అలుకు. అందులోంచి ఒక ముసలి ఎండ్రకాయ డెక్కలు ఆడిస్తూ బయటికొచ్చింది.

"ఓహో, నువ్వా నా కట్టను తొలుస్తున్నది!" అని మైలమ్మ గునపం ఎత్తింది.

"ఆగాగు! ఇంత దూరం నడిచొచ్చింది నా తప్పు పట్టడానికా అమ్మా!" అంది ఎండ్రకాయ. "నా బొరియ చూడు, నీ బొటనవేలు కూడా పట్టదు. పెద్ద దారి వేసింది నేను కాదు. అది పడ్డాకే నేనిక్కడ కాపురం పెట్టాను. నమ్మకపోతే ఆ అలుకు తీసి చెయ్యి పెట్టు."

మైలమ్మ అలుకు పెళ్లగించి చెయ్యి పెట్టింది. చెయ్యి మోచేతి దాకా దిగిపోయింది. లోపల కుళ్లిపోయిన నేరేడు వేరు ఒకటి గొట్టంలా డొల్లగా ఉంది. ఆ డొల్లలోంచి చెరువు నీరు సన్నగా, చల్లగా ఆమె వేళ్ల మీదికి కారుతోంది. ఎండల్లోనే ఇలా ఉంటే, వానలు పడి చెరువు నిండితే ఏమవుతుంది? ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అప్పటికే ఊరిపెద్ద కాటయ్య వచ్చి నిలబడ్డాడు. వరసకు ఆమెకు చిన్నాయన.

"ఈ అలుకు ఎవరిది చిన్నాయనా?"

కాటయ్య తల వంచుకున్నాడు. "మాదేనమ్మా. కొన్నేళ్లుగా ఇక్కడ ఊట కారుతోంది. నువ్వొచ్చే ముందు అలికేస్తున్నాం. ఆ చెట్టుకు ఆనుకుని నువ్వు బాట వంక చూసే చూపు చూశాక, చెట్టు తీయాలని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు."

వాళ్ల మీద కోపం తెచ్చుకుందామంటే రాలేదు. ఊరు ఊరంతా తన మనసు నొప్పించలేక నీళ్ల కింద పడుకుంటోంది. మైలమ్మకు ఏడుపొచ్చింది.

"ఈ ఒక్క ఏడూ మట్టి కూరుద్దాం చిన్నాయనా. వానాకాలమంతా కట్ట కింద మొదటి ఇంట్లో నేనే ఉంటాను. తెగితే నేనూ పోతాను" అంది.

"నువ్వు పోతే నీ ఇష్టం" అంది ఎండ్రకాయ. "కింద ఉయ్యాలల్లో ఉన్నవాళ్లను అడిగావా?"

"ఈ చెట్టు కూడా లేకపోతే మా అన్న ఏం గుర్తుపట్టి వస్తాడు?"

"అమ్మాయ్, మీ అన్న చెట్టు కోసం వస్తాడా, ఊరి కోసం వస్తాడా? వచ్చేసరికి చెట్టుండి ఊరు లేకపోతే, ఆ చెట్టు కింద కూర్చుని ఎవరి కోసం ఏడవాలి?"

మైలమ్మ చెట్టును రెండు చేతులా వాటేసుకుని, చెంప ఆనించి నిలబడింది. తరవాత రెండు పండ్లు కోసుకుని కొంగున ముడివేసుకుంది. ఆ ఏడు ఒక్కటీ తినలేదు.

"గొడ్డలి ఇవ్వండి. మొదటి దెబ్బ నాదే" అంది.

చెట్టు పడింది. ఊరికే నరికి వదిలేస్తే మొద్దు కుళ్లి మళ్లీ దారి పడుతుందని వేళ్లతో సహా తవ్వి తీయించింది. ఆ గోతిని బంకమట్టితో పొరపొరగా నింపి, తడిపి, దిమ్మిసలతో గట్టిపరచాలి. అంత మట్టి ఎక్కడిది? బయ్యన కబురంపాడు: "మా చెరువు అడుగున పూడిక మేట వేసి ఉంది. తవ్వుకుపోండి." మూడూళ్లూ తట్టలు పట్టుకుని కదిలాయి. ఎర్రవ్వ కూడా చిన్న తట్టతో వచ్చి, మైలమ్మ పక్కన మట్టి పోసి, "నీ ముగ్గూ కడుక్కున్నావు బిడ్డా" అని ఆమె తల నిమిరింది.

తొలకరి రానే వచ్చింది. కొండలు కనబడని వాన. పై చెరువు అలుగు పోసింది. నడిమి చెరువు అలుగు పోసింది. ఆ నీరంతా ఎర్రగా, సుడులు తిరుగుతూ ఇప్పలపాడు చెరువులో పడింది. జనం గుండెలు అరచేత పట్టుకుని చూశారు. చెరువు అలుగు అంచు దాకా నిండి, ఒక్క క్షణం ఆగి, దాని మీదుగా దూకింది. వాన వెలిశాక మైలమ్మ చెప్పులు విడిచి, చెట్టు ఉండిన చోట వాలులోకి దిగింది. పైపైన వాన తడి ఉంది. లోపల గునపం గట్టి మట్టిని కొట్టుకుని ఖంగుమంది.

"కట్ట పదిలం!" అంది.

మట్టిలో వేరూ మొద్దూ కుళ్లుతాయి గానీ, చేవదేరిన నేరేడు కర్ర నీళ్లలో నానినా కుళ్లదు. అందుకని ఆ చెట్టు మానుతోనే చెరువు తూముకు తలుపు చేయించారు. అప్పటి నుంచి ఇప్పలపాడు పొలాలకు పారే ప్రతి నీటిచుక్కా బొల్లన్న చెట్టును తాకే పారింది. పూడిక తీసిన పాలకుంట చెరువు లోతయింది, రెండో పంట పండింది. బయ్యన కూతుళ్లు ఇంటికొచ్చారు. ఎండ్రకాయకు మాత్రం కట్టలో చోటు దొరకలేదు. న్యాయం న్యాయమే కదా. గొణుక్కుంటూ వరిమడి గట్టుకు కాపురం మార్చుకుంది.

కొంగులోని రెండు పండ్ల గింజల్నీ మైలమ్మ కట్టకు దూరంగా, బండిబాట మలుపులో నాటింది. ఒకటే మొలిచింది. ఏటా కట్టలన్నీ చూశాక ఆ మొక్కకు నీళ్లు పోసి, పక్కన కూర్చుంటుంది. ఎద్దు మెడలో గంట మోగితే ఇప్పటికీ చటుక్కున లేచి నిలబడుతుంది. బొల్లన్న ఇంకా రాలేదు. వస్తే మాత్రం, దిగడానికి ఊరుంది.

అందుకే పిల్లలూ, పరాయివాళ్ల కట్టలో దించిన గునపాన్ని తమ మనసుకు నచ్చిన చోట కూడా దించగలిగినవాళ్లే పదిమందినీ కాపాడతారు.