ముసలి వరసకి తలుపు పెట్టించిన నీలాలమ్మ

ఒక నోట విని ఇంకో నోట చెప్పగా చెప్పగా నా దాకా వచ్చిన కథ ఇది. ఏ రాజు కాలమో అడగకండి, నాకు చెప్పినవాళ్ళకే తెలీదు.

ఆ కాలంలో ఒక రాణికి మంచి బుద్ధి పుట్టింది. కష్టపడి పని చేసి చేసి ముసలైపోయినవాళ్ళ కోసం కోట గోడ పక్కన ముప్ఫై గదులు ఒకే వరసలో కట్టించింది. అద్దె అంటారా, ఎవరికి చేతనైన పని వాళ్ళు నెలకొక పూట కోటకి చేసిపెట్టాలి, అంతే. దాన్ని అందరూ ముసలి వరస అనేవారు. కొన్నాళ్ళకి రాణి పోయింది. వరస బాగోగులు చూడ్డానికి ఒక పారుపత్యదారు మిగిలాడు. ఆయన కొత్తగా ఒక్క ఇటుకైనా పెట్టించలేదు గానీ, ఒక నియమం మాత్రం పెట్టాడు. మతి తప్పినవాళ్ళకి వరసలో గది లేదు.

పదకొండో గదిలో నీలాలమ్మ ఉండేది. విస్తళ్ళు కుట్టేది. ముందూ వెనకా ఎవరూ లేని మనిషి. ఆ గది పోతే ఇంకెక్కడా తల దాచుకునే చోటు లేదు.

ఒక ఏడు గాలివానకి వరస ముందున్న పెద్ద తలుపు ఊడి పడింది. బాగుచేయించమంటే పారుపత్యదారు చూద్దామన్నాడు. నెల పోయాక అడిగితే చూద్దామన్నాడు. ఏడాది పోయాక అడిగితే చూద్దామన్నాడు. మహానుభావుడు, ఒక్కసారైనా వచ్చి చూడలేదు.

ఒక మధ్యాహ్నం నీలాలమ్మ కునుకు తీసి లేచేసరికి ఇత్తడి చెంబు కనపడలేదు. మంచం కింద వెతికింది. ఆకుల కట్టల వెనక వెతికింది. పొయ్యి చుట్టూ వెతికింది. ఎక్కడా లేదు. ఆమెకి భయం పట్టుకుంది. చెంబు పోయినందుకు కాదు, మతి పోయిందేమోనని. పాపం, ఎవరితోనూ అనకుండా దోసిలితో నీళ్ళు తాగింది.

నాలుగో రోజున పక్కగది అప్పలసూరి ఎదురయ్యాడు. ఆయన మంగలి. అలాంటి మనిషి గడ్డం జానెడు పెరిగి ఉంది.

"ఏటి సూరన్నా, గెడ్డం అలాగ పెంచీసినావు?"

"ఉత్తినే."

"కత్తి పోనాదా?"

అప్పలసూరి అటూ ఇటూ చూశాడు. "నెమ్మదిగా మాటాడే. నానే ఎక్కడో ఎట్టి మర్సిపోనాను. పారుపత్యదారు సెవిని పడితే గది కాలీ సెయ్యమంతాడు."

అవతలి గదిలో కుండలు చేసే పైడితల్లి ఎండలో ముడుచుక్కూర్చుంది. ఎప్పుడూ కప్పుకునే గొంగళి ఒంటి మీద లేదు. ఆమె కూడా అదే మాట అంది. "నానే మర్సిపోనానప్పా, ఎవులికీ సెప్పకు."

నీలాలమ్మ ముప్ఫై గదులూ తిరిగింది. ప్రతి గదిలోనూ ఏదో ఒకటి పోయింది. ప్రతివాళ్ళూ మరిచిపోయామనే అనుకున్నారు. ఆమెకి ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది.

"ముప్పయ్ మందికీ ఒక్కపాలే మతి పోతాదేటి? ఆ దొంగెవుడో మన బయ్యం మీద బతుకుతన్నాడు" అంది.

తానే పారుపత్యదారు దగ్గరికి వెళ్ళింది. తలుపు పెట్టించమంది. ఆయన నవ్వాడు.

"నిన్న ఏం తిన్నావో గుర్తుందా, ముసలీ?"

"నిన్న గంజి, మొన్న గంజి, రేపూ గంజే బాబూ. దానికి గురుతెందుకు?"

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఇంకోసారి ఏదో పోయిందని వచ్చావంటే నీ గది ఇంకొకళ్ళకి ఇచ్చేస్తాను" అన్నాడు.

ఆ రోజు నీలాలమ్మ ఒక్క విస్తరి కూడా కుట్టలేదు. సాయంత్రం అప్పలసూరినీ పైడితల్లినీ పిలిచింది.

"నా సంగతి నాను సెప్తే మతిమరుపంతాడు. నా సంగతి మీరు సెప్పండి, మీ సంగతి నాను సెప్తాను" అంది.

అప్పట్నుంచి రోజూ ఒకరి గదిలో ఇంకొకరు కూర్చునేవారు. ఏముంది, ఏం పోయింది, ఎక్కడుండేది, అన్నీ గుర్తుపెట్టుకునేవారు. తగాదాలు రాకపోలేదు. అప్పలసూరి ఉట్టి మీద దాచుకున్న బెల్లం సంగతి ముప్ఫై గదులకీ తెలిసిపోయి, ఆయన రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అద్దె పని చేసే రోజు వచ్చింది. ఆ రోజే కోటలో సంతర్పణ. ముప్ఫై మందీ కలిసి వెళ్ళి, వంటవాళ్ళూ నౌకర్లూ చూస్తుండగా పారుపత్యదారు ముందు నిలబడ్డారు.

"నీలాలమ్మ సెంబు పోనాది బాబూ. మూతి కాడ సొట్ట. పొయ్యి పక్కన రాయి మీదుండీది" అన్నాడు అప్పలసూరి.

"సూరన్న కత్తి పోనాది. పిడికి ఎర్ర దారం" అంది పైడితల్లి.

"పైడితల్లి గొంగళి పోనాది. నిప్పు పడి ఒక మూల కాలింది" అంది నీలాలమ్మ.

అలా వరసగా అందరూ చెప్పారు. పారుపత్యదారు ముఖం ఎర్రబడింది. "మీకందరికీ మతి తప్పింది" అన్నాడు.

"అయితే అందరినీ ఎల్లగొట్టండి. మా పని కూడా మీరే సేసుకోండి" అంది నీలాలమ్మ, కింద పెట్టిన విస్తళ్ళ కట్ట మళ్ళీ చంకనెత్తుకుని.

వంటశాలలో అన్నం వార్చేశారు. వడ్డించడానికి ఆకు లేదు. పారుపత్యదారు వంటవాళ్ళ వంక చూశాడు, విస్తళ్ళ వంక చూశాడు. వడ్రంగికి కబురు పెట్టాడు.

మూడు రోజుల్లో పెద్ద తలుపు లేచింది, దానికి ఇనప గడియ పడింది, మధ్యాహ్నాలు కాపలాకి ఒక మనిషి వచ్చాడు. పోయినవి దొరికాయా అంటే దొరకలేదు. దొరికాయని చెప్పొచ్చు గానీ, నాకు చెప్పినవాళ్ళు అలా చెప్పలేదు. గదుల్లో కొత్తగా మాత్రం ఏమీ పోలేదు. ఒకరి గదిలో ఇంకొకరు కూర్చునే అలవాటూ పోలేదు.

ఏళ్ళు గడిచాయి. ఈసారి నీలాలమ్మకి నిజంగానే మతిమరుపు వచ్చింది. చేతులు విస్తళ్ళు కుడుతూనే ఉండేవి గానీ, తన పేరు తనకే గుర్తు లేదు. ఆ సంగతి పారుపత్యదారుకి తెలిసింది. పాత కోపం తీరే రోజు వచ్చిందనుకుంటూ వచ్చాడు.

"నీ పేరేంటి?" అని అడిగాడు.

ఆమె ఆయన వంక ఒకసారి చూసి, చేతిలో విస్తరి కుట్టుకుంటూ పోయింది.

"నీలాలమ్మ" అంది పైడితల్లి వెనకనుంచి.

"ఈ గది ఎన్నోది?"

"పదకొండు" అన్నాడు అప్పలసూరి.

"ఇందులో ఏమేం ఉన్నాయి?"

గుమ్మం దగ్గర మూగినవాళ్ళంతా ఒక్కొక్కటీ చెప్పడం మొదలుపెట్టారు. మంచం, రెండు చీరలు, మూడు కుండలు, ఆకుల కట్టలు.

"నేను ఆమెని అడుగుతున్నాను" అని అరిచాడు పారుపత్యదారు.

పైడితల్లి వచ్చి నీలాలమ్మ పక్కన కూర్చుంది. "ఆవిడికి గురుతు నేకపోతే ఏటయింది బాబూ? మాకు గురుతుంది" అంది.

ఆయన గుమ్మం నిండా ఉన్నవాళ్ళని చూసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. ఆ నియమం పేరు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. నీలాలమ్మ పదకొండో గదిలోనే, తన మంచం మీదే కన్నుమూసింది.

ఇప్పటికీ ఆ వైపు ఊళ్ళలో పెద్దవాళ్ళు ఏదో చెబుతూ చెబుతూ పేరు అందక ఆగిపోతే, మరిచిపోయావా అని ఎవరూ అనరు. అలా అంటే తప్పు. పక్కనున్నవాళ్ళు, పిల్లలైనా సరే, "మాకు గురుతుంది" అని ఆ పేరు అందిస్తారు. పెద్దవాళ్ళు తలూపి, చెబుతున్నది పూర్తి చేస్తారు.