పోతులూరమ్మ పెనానికి ఒక్క స్టార్

"గురువుగారూ, అట్టు అంటుకుంది. అంటుకుందని రాశాను. ఇందులో నా తప్పేమిటి?"

రాజమండ్రిలో ఒక సోడా కొట్టు మీది మేడలో తర్కం చెప్పే ఆకొండి విశ్వపతి శాస్త్రిగారిని శిష్యుడు ఫణీంద్ర ఈ ప్రశ్న అడిగేటప్పటికి మధ్యాహ్నం మూడయింది, పాఠం అయిపోయింది. అదే అతను చేసిన పొరపాటు. శాస్త్రిగారు పాఠం చెప్పే రెండు గంటలూ వాదనకి దిగితే ఎదుటివాడు నీళ్లు నమలాల్సిందే. కానీ పుస్తకం మూసి, కళ్లజోడు పెట్టెలో పెట్టారా, ఇక ఆ రోజుకి వాదన లేదు. ఎవరేం అడిగినా జవాబు చెప్పరు, అడిగినవాడికి ఏదో ఒక పని చెబుతారు. మిగతా నలుగురు శిష్యులూ ఇది ఎరిగి, పుస్తకం తెరిచి ఉండగానే తమ సందేహాలు తీర్చుకునేవారు. ఫణీంద్రకి అంత ఓపికెక్కడిది!

ఓపిక అతని జాతకంలోనే లేదు. ఇరవై తొమ్మిదేళ్లవాడు. విశాఖపట్నంలో కంప్యూటర్ కంపెనీలో ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగం ఐదేళ్లు చేసి, తప్పులు పట్టడానికి శాస్త్రమంటూ ఒకటి ఉందని ఎవరో చెబితే మానేసి వచ్చాడు. ఉద్యోగం మానాడు గానీ అలవాటు మానలేదు. ఆన్‌లైన్‌లో పళ్లు తోముకునే బ్రష్షు కొన్నా, ప్లాస్టిక్ బకెట్టు కొన్నా, అది ఇంటికి చేరిన గంటలో దాని మీద తన అభిప్రాయం రాసి పెట్టేవాడు. అలా నాలుగు వందల పైచిలుకు రాశాడు. ఆ వస్తువులమ్మే ఆన్‌లైన్ కంపెనీవాళ్లు అతని పేరు పక్కన ఒక చిన్న పతకం బొమ్మ కూడా తగిలించారు. అతని అభిప్రాయం తమకి ఉపయోగపడిందని ఎంతమంది నొక్కారో గంటకోసారి చూసుకోనిదే అతనికి తోచేది కాదు. ఉన్నదాన్ని ఉన్నట్టుగా తెలుసుకుని ఉన్నట్టుగా చెప్పేవాడు ఆప్తుడు, అతని మాట ప్రమాణం అని పాఠంలో వచ్చిన రోజున మిగతావాళ్లు రాసుకుంటుంటే ఫణీంద్ర మనసులో మురిసిపోయాడు. అప్పటినించీ శాస్త్రిగారు అతన్ని అప్పుడప్పుడూ "ఏమయ్యా ఆప్తుడా" అని పిలిచేవారు. అందులో వెక్కిరింత ఎంతో మెప్పు ఎంతో అతనికి అంతుపట్టేది కాదు.

ఇక పెనం సంగతి. పాఠశాలలో నలభై ఏళ్లుగా ఉన్న పోత పెనం కిందపడి రెండు ముక్కలైంది. వంట చేసే విశాలమ్మగారు దానికోసం కళ్లనీళ్లు పెట్టుకుని, ఆ మర్నాడే కూతురి పురుడని అనపర్తి వెళ్లిపోయింది. కొత్తది తెప్పించే పని ఫణీంద్ర నెత్తిన వేసుకున్నాడు. మూడు రోజులు ఫోన్‌లో తల దూర్చి, రెండు వందల మంది అభిప్రాయాలు చదివి, ఎవరి మాటా నచ్చక, చివరికి కనిగిరి దగ్గర ఎవరో చేత్తో సాగగొట్టి చేసిన ఇనప పెనం ఎంచుకున్నాడు. దాని మీద అప్పటికి తొమ్మిది మందే రాశారు. తొమ్మిదీ మంచి మాటలే.

శుక్రవారం ఉదయం పెనం వచ్చింది. వచ్చిన పెట్టెని వచ్చినట్టే చింపి, పెనాన్ని పొయ్యి మీదికెక్కించి, మినప్పిండి పోశాడు. అట్టు పెనాన్ని పట్టుకుని వదల్లేదు. అట్లకాడతో గీకితే తునకలు తునకలుగా వచ్చింది. రెండోదీ అంతే. మూడోది మాడి బొగ్గైంది. శిష్యులు ఆ రోజు అటుకులు నానబెట్టుకు తిన్నారు. ఫణీంద్ర తినలేదు. మాడిన అట్టుని మంచి వెలుతురులో ఫోటో తీసి, "అట్టు పూర్తిగా అంటుకుంటుంది. ఎందుకూ పనికిరాదు. ఎవరూ మోసపోవద్దు" అని రాసి, ఒకే ఒక్క స్టార్ ఇచ్చి, అప్పుడు చెయ్యి కడుక్కున్నాడు. సాయంత్రానికల్లా అరవై ముగ్గురు ఉపయోగపడిందని నొక్కారు. ఆ పూట అతని ఉత్సాహం చూడాలి!

బుధవారం మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

"సార్, నేను పెనాలు చేసే పోతులూరమ్మని. మా పెనం సరిగా లేదని రాశారంట. ఏం లోపముందో కాస్త చెప్తారా?"

తిట్టడానికి చేసిందనుకుని ఫణీంద్ర నడుం బిగించాడు. రాసింది రాసినట్టు అప్పజెప్పాడు. ఆవిడ అడ్డుపడకుండా అంతా విన్నది.

"పెట్టెలో కాగితం పెట్టాను సార్. చూశారా?"

"ఏ కాగితం? కాగితమేమీ లేదే!"

"పోనీలెండి. హడావుడిలో నేనే మర్చిపోయుంటాను. మా ఆయన దెబ్బ ఎక్కడన్నా తప్పు పడిందేమోనని రెండ్రోజుల్నించి సమ్మెట పట్టుకోవట్లేదు సార్. ఆన్‌లైన్ కంపెనీవాళ్లు మా పెనాలు అమ్మడం ఆపేశారు. వచ్చే బుధవారం సాయంత్రం లోపల మీకు సర్దిచెప్పుకోకపోతే ఇంక ఎప్పటికీ పెట్టరంట. సంతల్లో మావి కొనేవాళ్లు లేరు, మాకిదొక్కటే ఆధారం. మీరు పెనం తిప్పి పంపండి, ఇంకొకటి చేసి పంపిస్తాం. లోపమేందో మాత్రం తెలియాల సార్, మళ్లీ చెయ్యకుండా."

ఫోన్ పెట్టేశాక ఫణీంద్ర మేడ మీద ఈ చివరినించి ఆ చివరికి కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. కింద సోడా కొట్టులో సీసా మూత తీసిన ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడ్డాడు. రాసింది తీసేద్దామని ఫోన్ తీశాడు, తీసెయ్యలేకపోయాడు. తీసేస్తే తను కళ్లారా చూసింది అబద్ధమైపోతుంది. ఉంచితే ఒక ఇంటివాళ్ల పొట్టకొట్టినవాడవుతాడు. పెనం తిప్పి పంపడానికి మళ్లీ పెట్టెలో పెట్టి టేపు అంటించి, ఆ పెట్టెని చంకలో పెట్టుకునే గురువుగారి ముందు నిలబడి పైన చెప్పిన ప్రశ్న అడిగాడు.

"ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడే కదండీ ఆప్తుడు! నేను చూసిందే చెప్పాను. ఒక్క అక్షరం కల్పించలేదు. మీరే చెప్పండి, నిజం రాయడం తప్పా?"

శాస్త్రిగారు కళ్లజోడు పెట్టె మూత చిటుక్కున మూశారు. "ఆ టేపు విప్పు. రేపటినించి విశాలమ్మ వచ్చేదాకా పొద్దున్న ఫలహారం నీ పని. మినపట్లు, ఆ పెనం మీదే."

"అంటుకుంటాయండీ!"

"అది రాశావు కదా," అని ఆయన కండువా దులుపుకుని లేచారు.

గురువారం అంటుకున్నాయి. శాస్త్రిగారు తునకలన్నీ ఏరుకుని పచ్చడితో తిని, చెయ్యి కడుక్కుంటూ, "ఇవాళ ఏం రాస్తావు?" అన్నారు. "ముందు రాసిందేనండీ," అన్నాడు ఫణీంద్ర. శుక్రవారం అంటుకున్నాయి. ఆయన మళ్లీ అదే అడిగారు, అతను మళ్లీ అదే చెప్పాడు. శనివారం తోటి శిష్యులు అటుకుల డబ్బా కోసం వెతుక్కుంటుంటే గురువుగారు మాత్రం తునకలు తింటూనే ఉన్నారు. అది చూస్తే ఫణీంద్రకి ఒళ్లు మండిపోయింది. ఈయన నా మీద కక్ష సాధిస్తున్నారా, లేక నిజంగానే ఏమీ తెలియక తింటున్నారా? అడిగితే చెప్పరు. బుధవారం దగ్గరపడుతోంది. ప్రతి రోజూ పోతులూరమ్మ నంబరు తీయడం, నొక్కబోయి ఆగిపోవడం. చెప్పడానికి అతని దగ్గర కొత్త మాటేముంది గనక!

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పనిలో అతను ఏ లోటూ చెయ్యలేదు. ఆ పాఠశాలలో ఒక ఆచారం ఉంది. వంటింట్లో ఇత్తడీ రాగీ గిన్నెలే ఎక్కువ కాబట్టి, వండిన పాత్ర ఏదైనా సరే తళతళ మెరిసేదాకా తోమిగాని బోర్లించకూడదు. మరక కనిపిస్తే శాస్త్రిగారి భార్య బతికున్న రోజుల్లో మళ్లీ తోమించేదట. ఫణీంద్ర ఆ ఆచారాన్ని తు.చ. తప్పకుండా పాటించాడు. రోజూ అట్లయ్యాక పెనాన్ని చింతపండూ సబ్బు పొడీ వేసి, ఇనప పీచుతో చేతులు నొప్పిపుట్టేలా తోమి, వెండి పళ్లెంలా మెరిపించి గోడకి చేరేసేవాడు.

ఆదివారం ఉదయం విశాలమ్మగారు మనవరాలు పుట్టిందని మిఠాయి పొట్లంతో మెట్లెక్కి వచ్చింది. వంటింట్లోకి అడుగుపెట్టి, గోడకి మెరుస్తున్న పెనాన్ని చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"అయ్యో నా తల్లీ! ఎవడ్రా దీన్ని తోమింది?"

"నేనేనండీ," అన్నాడు ఫణీంద్ర, మెచ్చుకుంటుందనుకుని. "రోజూ తోముతున్నాను."

"రోజూనా!" విశాలమ్మగారు నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "పెనాన్ని తోముతారుటయ్యా ఎవరైనా? పెట్టిన నూనె పెట్టినట్టు పీకి పారేస్తుంటే పాపం దానికి ఒంటి మీద ఏం నిలుస్తుంది? ఆ పాతదాన్ని నలభై ఏళ్లలో ఒక్కనాడు పీచు తాకనిచ్చానా నేను?"

"అన్నీ తోమాలని ఆచారం కదండీ."

"పెనానికి కాదు నాయనా. అది నేను ఒక్కదాన్నే చూసుకునేదాన్ని, మీ ఎవరికీ తెలీదు."

గొణుక్కుంటూనే ఆవిడ నూనె డబ్బా అందుకుంది. డబ్బా అడుగున అంటుకుని ఒక కాగితం పైకి లేచింది. పెట్టె చింపిన రోజున అడ్డొచ్చిందని ఫణీంద్రే తీసి, జిడ్డు గట్టుకి అంటకుండా డబ్బా కింద వేశాడు. ఆ సంగతే అతనికి గుర్తులేదు. నూనెతో తడిసి అక్షరాలు మరింత నల్లగా కనిపిస్తున్నాయి. గుండ్రటి చేతిరాతకి తీయించిన జిరాక్స్ అది. "కొత్త పెనం. పది రోజులు ఓపిక పట్టండి. పీచుతో తోమకండి, గుడ్డతో తుడవండి. నూనె రాసి ఉంచండి. ముందు అంటుకుంటుంది, తర్వాత వదుల్తుంది. పోతులూరమ్మ."

పోనీలెండి, నేనే మర్చిపోయుంటాను అన్న గొంతు ఫణీంద్ర చెవిలో మోగింది. కాగితాన్ని చొక్కాకి అద్ది మళ్లీ మొదటినించీ చదివాడు. తలెత్తి చూస్తే వంటింటి గుమ్మం అవతల శాస్త్రిగారు పంచాంగం చూసుకుంటున్నారు. ఇవన్నీ ఆయన చెవిన పడలేదంటే నమ్మడం కష్టమే.

విశాలమ్మగారు అతనికి పని నేర్పింది. వంకాయని తొడిమ దగ్గర అడ్డంగా కోసి, తొడిమ పట్టుకుని, నువ్వుల నూనెలో ముంచి కాలిన పెనమంతా రుద్దాలి. మంట తగ్గించాలి. మళ్లీ రుద్దాలి. "తొందరపడకు. అది తాగనీ," అనేది. ఆదివారమంతా అదే పని. సోమవారం అట్టు అంచులు వదిలాయి, నడిమి భాగం వదల్లేదు. మంగళవారం చిరిగింది గాని లేచింది. పెనం మెరుపు పోయి నల్లబడుతోంది. శాస్త్రిగారు రోజూ తిన్నాక అడిగే మాట అడుగుతూనే ఉన్నారు. ఫణీంద్ర మాత్రం జవాబు చెప్పడం మానేశాడు.

బుధవారం ఉదయం మొదటి అట్టు అట్లకాడ అంచు తగలగానే తనంత తను లేచి వచ్చింది. గుండ్రంగా, ఎర్రగా, చిల్లుల చిల్లులుగా. ఫణీంద్ర కేక పెట్టాడు. అట్టుని గురువుగారి విస్తట్లో వేసి, పిండి చేతులతోనే ఫోన్ అందుకున్నాడు. పోతులూరమ్మ మొదటి రింగుకే ఎత్తింది.

"లోపమేందో తెలిసిందా సార్?" అన్నది, భయం భయంగా.

"తెలిసిందమ్మా. లోపం పెనానిది కాదు. మీ ఆయన్ని సమ్మెట పట్టుకోమనండి. కాగితం మీరు పెట్టారు. నేనే చదవలేదు." అతను పిండి చేతిని తువ్వాలుకి తుడుచుకున్నాడు. "ఇప్పుడే రాసి పెడతాను. మధ్యాహ్నానికల్లా మీ పెనాలు మళ్లీ అమ్మకానికి వస్తాయి."

అవతల ఆవిడ ఎవర్నో, "ఏమయ్యో, విన్నావా? నీ దెబ్బ తప్పు కాదంట!" అని కేకేయడం వినిపించింది.

ఫణీంద్ర గురువుగారి పక్కనే చతికిలబడి, పాతది కొట్టేసి కొత్తది రాశాడు. చదివి వినిపించాడు కూడా. "అట్టు అంటుకున్న మాట నిజం. కాగితం చదవకుండా నూనె డబ్బా కింద వేసింది నేను. రోజూ పీచుతో తోమింది నేను. పదో రోజు ఒక పెద్దావిడ వచ్చి నేర్పితే పదమూడో రోజుకి అట్టు లేచింది. కొన్నవాళ్లు ముందు కాగితం చదవండి."

శాస్త్రిగారు అట్టు తుంచి పచ్చడిలో అద్దుకుంటూ తలూపారు. కానీ అది పంపిద్దామంటే ఫోన్ ఒప్పుకోలేదు. ముందు స్టార్లు ఇవ్వాలంది. ఐదు ఖాళీ గళ్లు వరసగా నిలబడ్డాయి. నాలుగు వందల పైచిలుకు సార్లు రెప్పపాటులో తేల్చేసిన ఫణీంద్ర వేలు మొదటిసారి గాలిలో ఆగిపోయింది.

"గురువుగారూ, ఎన్ని ఇవ్వమంటారు?"

శాస్త్రిగారు అట్టు ఆఖరి తునక నోట్లో వేసుకుని, ఖాళీ అయిన విస్తరిని అతని వైపు జరిపారు.

"ఎవరికయ్యా?"